ఎవరి మనుషులు మన ప్రతినిధులు?

జిజాన్‌లో మల్లెపూలు దొరుకుతాయంటే అమెరికాలో ఉన్న మా మిత్రులు నమ్మరు. సౌదీ అంటే ఇసక, ఒంటెలు, పెట్రోలు తప్ప మరేం గుర్తురాదు వాళ్ళకి. ఎర్రసముద్రం ఒడ్డున, యెమెన్ సరిహద్దుకి దగ్గర్లో, మన బందరులా ఉక్కపోసే ఊరు మాది. మామిడితోటలున్నాయి. ఫైఫా కొండలమీద కాఫీ తోటలున్నాయి. సాయంత్రమయ్యేసరికి రోడ్డు పక్కన మల్లెదండలు కట్టి అమ్ముతారు. కొండల మీదినుంచి దిగివచ్చే మగవాళ్ళలో కొందరు తలకి పూలు చుట్టుకుని మరీ వస్తారు. ఇంజనీరుగా ఇక్కడికొచ్చి పదిహేనేళ్ళు కావస్తోంది, ఆ దృశ్యానికి నేనింకా పూర్తిగా అలవాటుపడలేదు.

ఆ పూల అంగడి దగ్గరే 2016లో ఒక సాయంత్రం కరీంనగర్ వైపు కుర్రాడొకడు నన్ను ఆపాడు. తెలుగువాణ్ణని ఎవరో చెప్పారట. "సార్, జీతం ఇయ్యక ఆరు నెలలాయె. ఇంటికి పంపుమంటే పంపుతలేడు. ఇకామా గూడ అయిపోయింది" అన్నాడు. చమురు ధర పడిపోయి, దేశమంతటా కాంట్రాక్టర్లు చేతులెత్తేసిన సంవత్సరం అది. పెద్ద కంపెనీల్లోనే వేలమంది మనవాళ్ళు క్యాంపుల్లో తిండికి అలమటించారు, ఇక చిన్న సబ్ కాంట్రాక్టరు కింద పనిచేసే వీడి గోడు ఎవరికి పట్టింది? లేబర్ ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్ళాం. జెద్దా కాన్సులేట్‌కి కాగితాలు పంపాం. జీతాలు బ్యాంకు ద్వారానే ఇవ్వాలన్న నిబంధన అప్పటికే ఉంది. కాగితం మీద అన్నీ ఉన్నాయి. పని మాత్రం కాలేదు.

నాతో పనిచేసే సౌదీ మిత్రుణ్ణి ఇక్కడ యహ్యా అందాం. అసలు పేరు అది కాదు. నేను వారం రోజులుగా మధ్యాహ్నాలు మాయమవడం చూసి సంగతేమిటని అడిగాడు. చెప్పాను. నవ్వి, "ముందే చెప్పొచ్చుగా ముహందిస్! మా మేనమామకి మజ్లిస్ అల్ షూరాలో ఒకాయన తెలుసు" అన్నాడు. ఆ రాత్రి ఒక ఫోన్ వెళ్ళింది. పదహారు రోజుల్లో నాలుగు నెలల జీతం, ఫైనల్ ఎగ్జిట్ ముద్ర కొట్టిన పాస్‌పోర్టు కుర్రాడి చేతికొచ్చాయి. మిగతా రెండు నెలలు వదులుకున్నాడు. వదులుకుని, ఆ ముఖం చూడని పెద్దమనిషికి దండం పెడుతూ విమానం ఎక్కాడు.

దీన్నే ఇక్కడ 'వాస్తా' అంటారు. మనం సిఫారసు అంటాం, లేదా పలుకుబడి అంటాం. ఆ పెద్దమనిషికి ఈ ఫోన్ వల్ల ఏమొచ్చింది? డబ్బేమీ రాలేదు, ఆ మాట ఒట్టేసి చెప్పగలను. కానీ యహ్యా మేనమామ ఆయనకి ఋణపడ్డాడు. మేనమామకి యహ్యా ఋణపడ్డాడు. యహ్యాకి నేను ఋణపడ్డాను. ఎవరూ లెక్క రాయరు, ఎవరూ మరిచిపోరు కూడా.

ఇంతకీ ఈ మజ్లిస్ అల్ షూరా ఏమిటి? ఈ దేశంలో ఉద్యోగం చేసుకుంటున్నవాణ్ణి, ఈ ఉప్పు తింటున్నవాణ్ణి. అందుకని ఒక నియమం పెట్టుకున్నాను. ఈ సభ గురించి నేను రాసేది వాళ్ళ చట్టంలోనో, అచ్చయిన వార్తలోనో ఉన్నదే తప్ప నా పుకారు కాదు. 1992లో రాజు ఫహద్ ఇచ్చిన ఫర్మానాతో ఇప్పటి రూపంలో సభ ఏర్పడింది. 1993లో అరవై మందితో మొదలై, 1997లో 90కి, 2001లో 120కి, 2005లో 150కి పెరిగింది. అందరినీ రాజే నియమిస్తాడు. గడువు హిజ్రీ లెక్కన నాలుగేళ్ళు. సభ్యులు మామూలువాళ్ళు కాదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు, అమెరికాలో, బ్రిటన్‌లో డాక్టరేట్లు చేసినవాళ్ళు చాలామంది ఉన్నారు. చదువుల్లో పోటీ పెడితే మన శాసనసభ మొదటి రౌండులోనే ఇంటికెళ్తుంది.

ప్రమాణ స్వీకారంలో సభ్యుడు విధేయత ప్రకటించే వరుస ఇది: ముందు మతానికి, తర్వాత రాజుకి, దేశానికి. దాని వెంటే రాజ్య రహస్యాలు బయటపెట్టనన్న మాట. సభ తీర్మానాలు రాజుగారి దగ్గరికి వెళ్తాయి. మంత్రిమండలి, సభ ఒకే మాటమీద ఉంటే ఆయన ఆమోదంతో అమలవుతాయి. మాట కలవకపోతే మళ్ళీ సభకి వస్తాయి, ఆఖరికి నిర్ణయం ఆయనదే.

నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించే నిబంధన వేరే ఉంది. కొత్త సభ ఏర్పాటు చేసినప్పుడల్లా కనీసం సగంమంది కొత్తవాళ్ళు ఉండాలి. పైకి చూస్తే ఎంత చక్కటి నియమం! కొత్త రక్తం వస్తుంది, పాతుకుపోవడం ఉండదు. కానీ ఆ కుర్చీలో మీరు కూర్చున్నారనుకుని ఆలోచించండి. నాలుగేళ్ళకి ఈ 150 మందిలో కనీసం 75 మంది ఇంటికి పోవాలి. ఉండే సగంలో నేనుంటానా, పోయే సగంలో ఉంటానా? అది తేల్చేవాడు ఒక్కడే. ఇక పక్కవాడు మిత్రుడెలా అవుతాడు? వాడు పోటీదారు. నలుగురూ కలిసి ఒక మాటమీద నిలబడటం ఎలా కుదురుతుంది? పైగా బయట దేశంలో పేరున్న కుటుంబాలు, తెగలు, విశ్వవిద్యాలయాలు తమవాడి పేరు ఈసారైనా జాబితాలో వస్తుందేమోనని ఎదురుచూస్తుంటాయి. లోపలున్నవాడికి భయం, బయటున్నవాడికి ఆశ. ఒక్క నిబంధనతో రెండూ!

నియంతలు చట్టసభలు ఎందుకు పెట్టుకుంటారన్న దానిమీద జెనిఫర్ గాంధీ అనే రాజనీతి ఆచార్యురాలు (మహాత్ముడికి బంధువని నేనెక్కడా వినలేదు) 2008లో ఒక మంచి పుస్తకం రాసింది. అవి ఉత్త అలంకారం కాదంటుంది. తనకి ఎదురుతిరగగలిగిన వాళ్ళని లోపలికి పిలిచి, కొంచెం గౌరవం, కొంచెం వాటా, కొంచెం మాట్లాడే చోటు ఇచ్చే ఏర్పాటు అని ఆమె వాదన సారాంశం. మాట్లాడే చోటు అనేది అబద్ధం కూడా కాదు. 2013 జనవరిలో రాజు అబ్దుల్లా మొదటిసారి ముప్ఫై మంది మహిళల్ని షూరాలో నియమించాడు. అదే ఏడాది అక్టోబర్‌లో వాళ్ళలో ముగ్గురు, స్త్రీలకి కారు నడిపే అనుమతి ఇవ్వాలని సిఫార్సు పెట్టారు. ధైర్యమైన పనే. సభ దాన్ని ముందుకు సాగనివ్వలేదు. 2017 సెప్టెంబర్‌లో రాజాజ్ఞ వచ్చింది, 2018 జూన్‌లో ఆడవాళ్ళు స్టీరింగ్ పట్టారు. మా ఆవిడ కూడా ఇక్కడే లైసెన్సు తీసుకుంది. సంతోషమే. కానీ అడిగింది సభలో, ఇచ్చింది కోటలో. మధ్యలో నాలుగేళ్ళు.

జిజాన్‌కి ఇది కొత్తేమీ కాదు. ఇక్కడ ఒకప్పుడు ఇద్రీసీల సొంత రాజ్యం ఉండేది. 1926లో ఇబ్న్ సౌద్ రక్షణ కిందకి వచ్చింది, 1930లో పూర్తిగా కలిసిపోయింది. 1934 తాయిఫ్ ఒప్పందంతో యెమెన్ కూడా ఆ సంగతి ఒప్పుకుంది. మన సంస్థానాల చరిత్ర చదివినవాళ్ళకి ఈ మెట్లు బాగా తెలుసు. ముందు రక్షణ, తర్వాత భరణం, తర్వాత విలీనం. పెద్ద కుటుంబాలకి పెద్దరికం మిగిల్చి అధికారం తీసుకోవడం అన్ని చోట్లా ఒకేలా జరుగుతుంది. నిజాం దర్బారులో జాగీర్దార్లూ అధికారులూ అష్రఫీలు, వెండి రూపాయలు పట్టుకుని నజరానా ఇవ్వడానికి వరసకట్టేవాళ్ళు. తీసుకునేవాడు ప్రపంచంలోకెల్లా ధనవంతుడు, ఆయనకి ఆ రూపాయలు దేనికి? ఎవరు వచ్చారు, ఎవరు రాలేదు అన్నది తెలియడానికి.

ఇదంతా యహ్యాతో ఒకసారి కాఫీ తాగుతూ మాట్లాడాను. నేను కాస్త గొప్పగానే మొదలుపెట్టాను, మాకు ఓటుంది, మా ప్రతినిధిని మేమే ఎన్నుకుంటాం అని. అతను తాపీగా ఖర్జూరం గింజ పక్కనపెట్టి, "మరి ఆ కుర్రాడు ఇంటికెళ్ళాక భార్య ఆపరేషన్ కోసం ఎవరి దగ్గరికో ఉత్తరం కోసం వెళ్ళాడన్నావు కదా, అతనెవరు?" అన్నాడు.

నిజమే. నేనే చెప్పాను. ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి డబ్బు రావాలంటే ఎమ్మెల్యే సిఫారసు ఉత్తరం కావాలి. ఎమ్మెల్యేని కలవాలంటే సర్పంచ్ కావాలి. చెక్కు వచ్చిన రోజున కుట్లు మానని ఆ అమ్మాయిని ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో నిలబెట్టి ఫోటో తీశారట. డబ్బు ప్రజలది, నిధి ప్రభుత్వానిది, జబ్బు ఆమెది. ఫోటోలో చెయ్యి మాత్రం ఆయనది. యహ్యాకి ఏం జవాబు చెప్పాలో తోచక ఇంకో కప్పు పోయించుకున్నాను.

ఆ తర్వాత ఆ ఎమ్మెల్యే పార్టీ మారాడు. ఫోన్‌లో ఆ కుర్రాణ్ణి అడిగాను, నువ్వు వేసిన ఓటు సంగతేమిటి, కోపం రాలేదా అని. "కోపమెందుకు సార్? అటు పోతెనే మా ఊరికి పనులైతయి గద" అన్నాడు. పార్టీ మారిన ప్రతివాడూ చెప్పే 'నియోజకవర్గ అభివృద్ధి' అన్న మాట మనకి బూటకంలా వినిపిస్తుంది. ఆ కుర్రాడికి అది పచ్చి నిజం. వాడి లెక్కలో ఎమ్మెల్యే అంటే చెరువు తూము. తూముకి చెరువుతో సంబంధం ఉండాలి, లేకపోతే మడి ఎండుతుంది. చెరువెవరిది అన్నది వాడి ప్రశ్న కాదు.

నాకు మింగుడుపడని విషయం ఇక్కడే ఉంది. నియంతృత్వంలోని చట్టసభకీ మన చట్టసభకీ తేడా ఎన్నిక ఒక్కటే అయితే, మనం ఎన్నుకున్నవాడు ఎన్నికైన మర్నాటి నుంచీ ఎవరి మనిషి?

మన చరిత్ర కొంచెం తిరగేస్తే బాధ కలుగుతుంది. 1975 జూలైలో ప్రతిపక్ష నాయకులు జైళ్ళలో ఉండగా ఎమర్జెన్సీకి ఆమోదముద్ర వేసింది ఎన్నికైన లోక్‌సభే. మరుసటి ఏడాది తన గడువు తనే పొడిగించుకుంది కూడా. అప్పుడు ఎవరు నియమించారు వాళ్ళని? మనమే. 1977లో ఉత్తరాది అంతా తిరగబడితే ఆంధ్రప్రదేశ్‌లో 42 స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే ఇచ్చాం. నంద్యాల నుంచి నీలం సంజీవరెడ్డి ఒక్కరే అవతలి పక్షాన గెలిచారు. దాని ఫలితం 1978 తర్వాత చూశాం. అయిదేళ్ళలో నలుగురు ముఖ్యమంత్రులు: చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి. పేరు ఢిల్లీ నుంచి రావడం, ఇక్కడ ఎమ్మెల్యేలు చేతులెత్తడం. అంజయ్యగారు అందరినీ సంతోషపెట్టాలని అరవై మంది దాకా మంత్రుల్ని చేసి జంబో కేబినెట్ పెట్టుకున్నా, 1982లో బేగంపేట విమానాశ్రయంలో రాజీవ్ గాంధీ చేతిలో ఆయనకి జరిగిన అవమానం ఆపలేకపోయింది. ఆయన కింద అంతమంది మంత్రులున్నారు, వెనక మాత్రం ఒక్కడూ లేడు. అందరికీ చెరువు ఎక్కడుందో తెలుసు.

ఆ అవమానం మీదే ఆత్మగౌరవం అంటూ ఎన్టీఆర్ గెలిచాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. చెప్పుకోవాలి కూడా. కానీ రెండేళ్ళు తిరక్కుండా, 1984 ఆగస్టులో, ఆయన్ని దించేశాక సొంత ఎమ్మెల్యేల్ని కాపాడుకోవడానికి కర్ణాటకకి తరలించి దాచుకోవలసి వచ్చింది. 1995లో వైస్రాయ్ హోటల్ కథ సరేసరి. లక్షమంది ఓటర్ల ప్రతినిధిని గదిలో పెట్టి తాళం వేస్తే తప్ప ఎటు పోతాడో తెలియదంటే, ఇక అతను ప్రతినిధి ఎలా అవుతాడు? సరుకు అవుతాడు గానీ!

దీనికి మందుగా 1985లో ఫిరాయింపుల నిషేధ చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా బిగించారు. ఫలితం చూడండి. నిజాయితీగా పార్టీలో ఉంటూ ఒక బిల్లు తన జిల్లాకి నష్టమని వ్యతిరేకంగా ఓటు వేద్దామనుకున్నవాడి పదవి పోతుంది, విప్ ధిక్కరించాడు కనక. హాయిగా కండువా మార్చుకుని అధికార పక్షంలో కూర్చున్నవాడికి ఏమీ కాదు, తీర్పు చెప్పవలసిన స్పీకర్ అధికార పక్షం మనిషి కనక. 2014, 2019 మధ్య ఆంధ్రప్రదేశ్‌లో 23 మంది వైఎస్సార్‌సీపీ ఎమ్మెల్యేలు తెలుగుదేశంలో చేరారు, 2017లో వాళ్ళలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 12 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు 'విలీనం' పేరుతో టీఆర్‌ఎస్‌లో కలిశారు. 2024లో చక్రం తిరిగి పదిమంది బీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు కాంగ్రెస్ వైపు నడిచారు. వాళ్ళ సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కి చెప్పవలసి వచ్చింది. ఏ పార్టీ అభిమాని ఈ పేరా చదివి నొచ్చుకున్నా నాకు అభ్యంతరం లేదు, అందరికీ సమానంగా వడ్డించాను.

భయం, ఆశ. షూరాలో సగంమంది మారాలన్న నిబంధన చేసే పని, మా దగ్గర బీ-ఫారం చేస్తోంది. వచ్చేసారి టికెట్ ఎవరికన్నది ఒక్కరి చేతిలో ఉన్నంత కాలం, సభలో 175 మంది ఉన్నా 119 మంది ఉన్నా ఆ సంఖ్యకి అర్థం తక్కువే.

అయితే రెండూ ఒకటేనా? కాదు. ఆ మాట కూడా గట్టిగానే అంటాను, ఎందుకంటే ఇక్కడ బతుకుతూ ఆ తేడా చూస్తున్నవాణ్ణి. 2019లో ఆ 23 మందిలో చాలామందికి జనం ఇంటి దారి చూపించారు. తెలుగుదేశం చేతిలో మిగిలిన స్థానాలు సరిగ్గా 23 అన్నది వాట్సాప్‌లో ఎన్నాళ్ళో తిరిగిన జోకు. అలాంటి రోజు ఒకటి ఉంటుంది, ఆ రోజు ఎవరి ఫోనూ పనిచెయ్యదు. ఇక్కడ అది లేదు. ఉన్న చోట్ల కూడా ఎంత సులువుగా పోతుందో పక్కనే చూశాం. కువైట్‌లో మన కడప, గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. గల్ఫ్‌లో నోరున్న చట్టసభ ఏదంటే అదే, 1963 నుంచీ. 50 మంది ఎన్నికైన సభ్యులు మంత్రుల్ని నిలదీసేవాళ్ళు. వాళ్ళలోనే 'సేవల సభ్యులు' అని ఇంకో రకం, ఓటర్లకి ఉద్యోగాలు, బదిలీలు, విదేశీ వైద్యం చేయించి పెట్టి, బదులుగా ప్రభుత్వానికి అడ్డు రాకుండా ఉండేవాళ్ళు. 2024 మే 10న అమీర్ సభ రద్దుచేసి, నాలుగేళ్ళకి మించకుండా అంటూ రాజ్యాంగంలోని కొన్ని అధికరణాల్ని నిలిపేశాడు. సేవలు చేసినవాళ్ళూ పోయారు, నిలదీసినవాళ్ళూ పోయారు. సిఫారసులకే అలవాటుపడిన సభ కోసం వీధిలోకి వచ్చేవాడు ఎవడుంటాడు? నా భయం అదే. మన శాసనసభ రేపు మూతపడితే మనకి గుర్తొచ్చేది అక్కడ జరిగిన చర్చలా, ఆగిపోయిన ఉత్తరాలా?

ఉత్తరాలంటే గుర్తొచ్చింది. తిరుమల దర్శనానికి తెలంగాణ ఎమ్మెల్యేల సిఫారసు ఉత్తరాలు చెల్లడం లేదని రెండు రాష్ట్రాల మధ్య ఎంత రభస జరిగిందో మీరూ చూశారు. 2025 మార్చి నుంచి మళ్ళీ తీసుకుంటున్నారు. ఆ పట్టుదల గల్ఫ్ కార్మికుల మీద చూపించి ఉంటే ఏనాడో ఎంతో జరిగేది. 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకి అయిదు లక్షలు ఇస్తామని ఉత్తర్వు తెచ్చింది. నాకు అందులో నచ్చింది డబ్బు మాత్రమే కాదు. ఉత్తర్వు కనక కలెక్టరాఫీసులో దరఖాస్తు పెట్టి అడగొచ్చు, ఎవరి క్యాంపు ఆఫీసు ముందూ నిలబడక్కర్లేదు. అలాంటివి పది ఉంటే ఎమ్మెల్యేకి తూము పని తప్పి, సభలో నోరు తెరవడానికి తీరిక దొరుకుతుందేమో.

మనకి ఓటుందని యహ్యాతో అన్నాను గానీ, అది కూడా సగం అబద్ధమే. ప్రవాసులు ఓటరుగా నమోదు చేసుకోవచ్చని 2010లో చట్టం మార్చారు. కానీ ఓటు వెయ్యాలంటే స్వయంగా ఊరికెళ్ళి బూత్‌లో నిలబడాలి. జిజాన్ నుంచి వెళ్ళిరావడానికి టికెట్ ఖర్చు ఆ కుర్రాడి రెండు నెలల జీతం. ఇక్కడ ప్రజలం కాము, అక్కడ ఓటర్లం కాము. రెండు చోట్లా అర్జీదార్లమే.

పోయినేడాది మా అమ్మని తిరుమల తీసుకెళ్దామనుకున్నాం. ఆవిడకి మోకాళ్ళు పట్టేశాయి, గంటలకొద్దీ నిలబడలేదు. ఇన్ని రాసిన నేనే మా ఎమ్మెల్యేగారి పీఏకి ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడాడు. ఆధార్ నంబర్లు పంపమన్నాడు. ఆఖర్న అడిగాడు, "మీ ఇంట్లో ఓట్లెన్ని సార్?"

నాలుగు, నాది కాక, అన్నాను. "మీది కూడా రాయించండి సార్, పోయేదేముంది" అన్నాడు. ఉత్తరం వచ్చింది, దర్శనం బాగా జరిగింది.

తిరిగొచ్చి లడ్డూ పెడుతూ ఈ సంగతి యహ్యాకి నవ్వుతూ చెప్పాను. అతను నవ్వలేదు. "ఎన్ని ఓట్లని అడిగాడా?" అన్నాడు. అవునన్నాను. 2005లో మునిసిపల్ ఎన్నికలు పెట్టినప్పుడు, సగం సీట్లకే అయినా, ఒకాయన వాళ్ళింటికి వచ్చి కూర్చుని ఇదే మాట అడిగాడట. వాళ్ళ నాన్న ఆ సంగతి చాలా ఏళ్ళు చెప్పుకునేవాడట.